భీమిలి రూటు గొంతునొప్పి

నేను తయారుచేసిన మందులో లోపాన్ని పట్టుకున్నది మా అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. పేరు మైలపల్లి నూకరత్నం. విశాఖపట్నానికీ భీమిలికీ మధ్య తిరిగే ఆర్టీసీ బస్సులో కండక్టరు. ఈ సంగతి ఢిల్లీలో పెద్దల ముందు చెప్పాను, జపాన్‌లో ఒక సభలో చెప్పాను. ఎవరైనా అడిగితే మళ్ళీ మొదటినించీ చెబుతాను.

మా నాన్నకి నలభై నాలుగో ఏట, మంగమారిపేట ఒడ్డున వల లాగుతుండగా తలలో నరం చిట్లి ప్రాణం పోయింది. బీపీ మాత్రల డబ్బా ఇంట్లో గూట్లో నిండుగానే ఉంది. వేటకి వెళ్ళే రోజుల్లో వేసుకునేవాడు కాదు, కళ్ళు తిరుగుతాయని. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, అప్పకి పందొమ్మిది. అమ్మ చేపల గంప ఎత్తుకుంది, అప్ప టికెట్ల సంచి భుజాన తగిలించుకుంది, నన్ను మాత్రం బళ్ళో కూర్చోబెట్టారు.

ఇరవై తొమ్మిదేళ్ళ తరవాత నేను గింజ తయారుచేశాను. దాని అసలు పేరు చాలా పొడుగ్గా ఉంటుంది, ఎవరూ వాడరు. నువ్వుగింజ కన్నా కొంచెం పెద్దది. మోచేతికి పైన, లోపలివైపు, రక్తనాళం పక్కన చర్మం కింద పెడతారు. అందులో బతికున్న కణాలుంటాయి. నాళం బిగుసుకుంటే వాటికి తెలుస్తుంది. వెంటనే ఒక ప్రోటీన్ వదులుతాయి, నాళం సడలుతుంది. మనిషి ఏ మాత్రా వేసుకోనక్కర్లేదు, ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కొలతలన్నీ ఫోనులోంచి మధురవాడ కొండమీద ఉన్న మా ల్యాబ్‌కి వచ్చేస్తాయి.

మొదటి ఏడాది ఉత్తరాంధ్ర జిల్లాల్లో రెండు లక్షల మందికి గింజ పెట్టారు. పక్షవాతంతో ఆసుపత్రులకి వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు. మా ల్యాబ్ గోడమీద పెద్ద తెర ఉండేది. దానిమీద ఎవరి పేరు నొక్కినా వాళ్ళ బీపీ గీత వచ్చేది. ఎవరిది చూసినా తిన్నగా, తీగ కట్టినట్టు ఉండేది. మా ల్యాబ్‌లో లెక్కలు చూసే ఇంజనీరు ఫణీంద్ర టీ గ్లాసు పట్టుకుని ఆ తెర ముందు నిలబడి, "సముద్రం ఇలా ఉంటే ఎంత బావుణ్ణు మేడమ్" అనేవాడు. నాకు గర్వంగా ఉండేది. ఎందుకుండదు? అలాంటి గింజ మా నాన్నకి ఉండి ఉంటే అప్ప చదువుకునేది.

అప్ప కూడా గింజ పెట్టించుకుంది. నా పేరు చెప్పుకోలేదు. జనవరిలో ఒక సెలవురోజు భీమిలి ఆసుపత్రిలో అందరితోపాటు వరసలో నిలబడి పెట్టించుకుని, సాయంత్రం ఫోను చేసి, "నీ గింజ నా సేతిలో నాటించుకున్నానే గౌరీ" అంది.

*

ఆ నవంబరులో ఒక ఆదివారం అప్ప ఇంటికి భోజనానికి వెళ్ళాను. నెత్తళ్ళ చేపల పులుసు చేసింది. నాకు వడ్డించి తను కంచం ముందు ఊరికే కూర్చుంది.

"తినవేం?"

"మింగితే ఇక్కడ నొప్పొస్తందే," అంది గొంతు కింద రెండు వేళ్ళు ఆనించి. "ఊరికే కూకున్నా సెమట్లు పట్టేస్తన్నాయి. గుండె దడదడా కొట్టుకుంటంది."

నేను ఎడంచేత్తో ఫోను తీసి ఆమె గీత చూశాను. నూట ఇరవై నాలుగు, ఎనభై. పది నెలలుగా అక్కణ్ణించి కదల్లేదు.

"నీ బీపీ బంగారంలా ఉందప్పా. రోజంతా బస్సులో అరుస్తావు, గొంతు నొప్పి రాదా? ఈ వయసులో ఆడవాళ్ళకి చెమటలు కూడా మామూలే."

అప్ప ఒక్క క్షణం నన్ను చూసింది. "నువ్వు ఫోను సూస్తన్నావు. నానిక్కడ కూకున్నాను," అంది. ఆ మాటలో కోపం లేదు. పులుసు గిన్నె నా వైపు జరిపి ఇంకో సంగతి ఎత్తుకుంది.

ఆ తరవాత మూడు నెలలు నేను ఢిల్లీ పనుల్లో పడిపోయాను. గింజని దేశమంతటా వాడటానికి అనుమతి ఇచ్చే సంఘం మార్చి నెలాఖరుకి కూర్చోబోతోంది. కాగితాలు, కొలతలు, ప్రసంగం. అప్పతో ఫోనులో మాట్లాడినప్పుడు గొంతు బొంగురుగా వినిపించేది. జలుబనుకున్నాను.

మార్చి రెండోవారంలో ఆమే ఫోను చేసింది. "రేపు పొద్దున్న ఎనిమిదింటికి మద్దిలపాలెంలో నా బండెక్కు. పనుంది."

"ఎల్లుండి వస్తానప్పా, రేపు మీటింగ్..."

"రేపే రా," అని పెట్టేసింది. అప్ప నన్ను రమ్మని ఆజ్ఞాపించడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

*

అప్పటికి చాలా రూట్లలో కండక్టర్లు లేరు. జనం ఫోను చూపించి ఎక్కేస్తారు. భీమిలి రూటులో మాత్రం ఉంచారు, చేపల గంపలతో వచ్చేవాళ్ళకి మనిషి సాయం కావాలని. బస్సెక్కి అప్పని చూశాను. ముఖం ఉబ్బి ఉంది. ఎండ చుర్రుమంటుంటే ఖాకీ చొక్కా మీద స్వెట్టర్ వేసుకుంది. మెట్టు ఎక్కడానికి కమ్మీ పట్టుకుంటోంది.

"ముందు కూకో," అంది. సాగర్‌నగర్ దాటాక టికెట్లు కొట్టడం ముగించి నా పక్కన నిలబడి మెల్లగా మాట్లాడింది.

"మూడో సీటు, కిటికీ పక్కన. తిమ్మాపురం బడిలో టీచరమ్మ. దీపావళప్పుడు కొంగుతో సెమట తుడుసుకోడమే పని. ఇప్పుడు సూడు, శాలువా కప్పుకుంది."

చూశాను. ఆవిడ శాలువాలో ముడుచుకుని కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది.

"ఆ ఎనకాల ఎల్లమ్మ. పోయినేడు గంప తనే ఎత్తుకుని తనే దింపుకునీది. ఇప్పుడు ఇద్దరు సెయ్యెయ్యాల. ఇద్దరికీ ముందు గొంతు నొప్పి, దడ. తరవాత నీరసం, సలి. ఇద్దరికీ సేతిలో గింజుంది. తొమ్మిదో నెలా పదో నెలా దాటాకే మొదలైంది. నాకూ అంతే."

ముందు గొంతు నొప్పి, దడ, తరవాత చలి, నీరసం. నేను డాక్టర్ని కాకపోయినా ఆ వరస దేనిదో నాకు తెలుసు. అయినా నోరు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు.

"థైరాయిడ్ వాపు ఆడవాళ్ళలో చాలామందికి వస్తుందప్పా. గింజ లేకపోయినా వస్తుంది. పదిమందిని చూసి..."

"పదిమంది కాదే," అంది అప్ప.

భీమిలిలో బస్సు పావుగంట ఆగుతుంది. టీ కొట్టు బల్లమీద కూర్చుని అప్ప సంచిలోంచి పాత ట్రిప్ షీట్ల కట్ట తీసింది. వాటి వెనక ఖాళీ వైపున గీతలు కొట్టి రాసింది. ఎక్కే స్టాపు, పేరు, వయసు, గింజ పెట్టిన నెల, గొంతు నొప్పి ఉందా లేదా. డిసెంబరు నించి రాస్తోంది. రోజూ ఎక్కే జనమే కాబట్టి నెల నెలా మళ్ళీ అడిగింది. గింజ ఉన్నవాళ్ళు నూట అరవై ఎనిమిది మంది. వాళ్ళలో గొంతు తేడా చేసినవాళ్ళు ఇరవై ముగ్గురు.

శాస్త్రజ్ఞులు ఎవరైనా తరవాత అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. "గింజ లేకుండా మాత్రలు వేసుకునే బీపీవాళ్ళలో ఎంతమందికి ఇలా ఉందో తెలియాలి కదప్పా."

అప్ప కట్టలోంచి ఇంకో నాలుగు కాగితాలు తీసింది. మాత్రలవాళ్ళు నూట నలభై మంది. గొంతు తేడా ఇద్దరికి.

ఆ కాగితాలు నా చేతిలోకి తీసుకున్నాను. "లేనివాళ్ళని కూడా అడగాలని నీకెవరు చెప్పారు?"

"ఎవులు సెప్తారు? బండెక్కినోళ్ళనీ లెక్కెట్టాల, దిగినోళ్ళనీ లెక్కెట్టాల. ఒకళ్ళనే లెక్కెడితే చెకింగోళ్ళు ఊరుకుంటారేటి?"

ఇంటరు దాటి చదవని మనిషి. నాలుగేళ్ళపాటు నాలుగు వేలమంది మీద మేము చేసిన పరీక్షలో దొరకనిదాన్ని, గంటకి ముప్పై స్టాపుల మధ్య నిలబడి పట్టుకుంది. ఆ కాగితాలు చేత్తో పట్టుకున్నప్పుడు నా గుండె గర్వంతో పొంగింది. అదే క్షణంలో భయమూ వేసింది. రెండూ ఒకేసారి ఉండగలవని నాకు అంతకుముందు తెలియదు.

*

ఫణీంద్ర ఆ ఇరవై ముగ్గురి గీతలూ తెరమీదకి తెచ్చాడు. అన్నీ తిన్నగానే ఉన్నాయి.

"ఏమీ లేదు మేడమ్. చూడండి, ఒక్కటి కూడా పక్కకి పోలేదు."

"గీత అలా ఉండటానికి గింజ ఎంత కష్టపడుతోందో చూడు," అన్నాను. "రోజుకి ఎంత ప్రోటీన్ వదులుతోందో ఆ లెక్క తీయి."

ఆ లెక్క గింజ పంపుతూనే ఉంటుంది. బీపీ బాగుంది కదా అని మేమెవరం దాన్ని తెరిచి చూడలేదు. ఫణీంద్ర తీశాడు. తొమ్మిదో నెల దాకా నేలబారుగా ఉన్న గీతలు ఆ తరవాత కొండెక్కినట్టు లేచాయి. ఇరవై మూడింటికి ఇరవై మూడూ. అతను టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. రెండు లక్షల మంది లెక్కలూ అదే విధంగా తిప్పాడు. సాయంత్రానికి అంకె వచ్చింది. పదకొండు వేల నాలుగు వందలు. దాదాపు అందరూ నలభై దాటిన ఆడవాళ్ళు. మేము పరీక్ష చేసిన నాలుగు వేలమందిలో మూడొంతులు మగవాళ్ళు, ఒక్కొక్కరినీ ఎనిమిది నెలలే గమనించాం.

మర్నాడు అప్పని థైరాయిడ్ డాక్టరు రెహానా దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ అప్ప వెనక నిలబడి, వేళ్ళు గొంతుకి ఆనించి, మంచినీళ్ళు మింగమంది. రెండుసార్లు, మూడుసార్లు. తరవాత రక్తం తీయించింది. ఫలితాలు వచ్చాక నన్ను పక్కకి పిలవకుండా ఇద్దరికీ కలిపే చెప్పింది.

"మీ గింజ వదిలే ప్రోటీన్‌లో ఒక ముక్క, థైరాయిడ్‌లో ఉండే ఒక ముక్కలాగే ఉంది. ఒళ్ళు ముందు గింజ ప్రోటీన్‌ని పరాయిదనుకుంది, దానిమీద దాడికి దిగింది. ఆ దాడి థైరాయిడ్‌కి కూడా తగిలింది. గ్రంథి వాచి, అందులో దాచుకున్న హార్మోను ఒక్కసారిగా బయటికి పడింది. అందుకే దడ, చెమటలు. బీపీ పెరగబోయింది."

"పెరగబోయేసరికి గింజ ఇంకా ఎక్కువ వదిలింది," అన్నాను. "ఎక్కువ వదిలినకొద్దీ వాపు ఇంకా..."

"అవును. ఇప్పుడు ఈవిడ గ్రంథిలో పెద్దగా ఏమీ మిగల్లేదు. ఇక రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలి. జీవితాంతం."

మాత్ర వేసుకోనక్కర్లేకుండా చెయ్యాలని గింజ చేసినదాన్ని నేను. ఆటోలో తిరిగి వస్తుంటే, "నవంబరులోనే చెప్పావు. నేను వినలేదు," అన్నాను.

"ఇప్పుడిన్నావు కదే. మరి మిగతావోళ్ళ సంగతేటి? టీచరమ్మకి ఎవులు సెప్తారు?" అంది అప్ప. తన గురించి ఇంకో మాట మాట్లాడలేదు.

*

మా సంస్థ అధిపతి కోదండపాణి గారు చెడ్డ మనిషి కాదు. వాళ్ళమ్మ చేతిలో కూడా గింజ ఉంది. నేను చెప్పిందంతా విన్నారు.

"గింజ ఎంతమందిని బతికించిందో కూడా లెక్కేశారా గౌరీశ్వరి గారూ?"

"వేశానండి. అదీ చెబుతాను."

"పన్నెండు రోజుల్లో ఢిల్లీ సమావేశం. ముందు అనుమతి రానివ్వండి. ఆ తరవాత జాగ్రత్త చెప్పే కాగితం ఒకటి చేరుద్దాం. ఇప్పుడు చెబితే మీ పదేళ్ళ పని పోతుంది. మీ పేరు పోతుంది."

"ఈ పన్నెండు రోజుల్లోనే ఇంకో వందమందికి గ్రంథి పోతుందండి. ఢిల్లీ దాకా కూడా ఆగను. ఈ సాయంత్రమే జిల్లా అధికారులకి రాస్తున్నాను. మీరు ఒప్పుకుంటే ల్యాబ్ పేరుతో, లేకపోతే నా పేరుతో."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ల్యాబ్ పేరుతోనే రాయండి. మొదటి వాక్యంలోనే రాయండి, మేమే చెబుతున్నామని. మా అమ్మని ఎవరికి చూపించాలి?" అన్నారు.

రాయడం తేలికైన భాగం. గింజని తీయడం కష్టం. ఏడాదికి పైగా ఒంట్లో ఉన్న గింజని అప్పటివరకూ ఎవరికీ తీయలేదు. నాళాలు దానికి అలవాటుపడిపోయాయి. తీసిన గంటలో బీపీ ఎంత ఎగురుతుందో, మా నాన్నకి అయినట్టు అవుతుందేమో, ఎవరికీ తెలియదు. వయసు తక్కువవాళ్ళతో మొదలుపెడదామని రెహానా అంది.

అప్ప ఒప్పుకోలేదు. "నాకే ముందు తియ్యండి. మా బండోళ్ళు నన్ను సూసి వొస్తారు. నాను రాకపోతే ఎవులూ రారు."

నేను కాదన్నాను, బతిమాలాను. "గింజ నువ్వు సేసావు, నాను ఏసుకున్నాను. ఇప్పుడు తియ్యడం కూడా మనింట్లోనే మొదలవ్వాల," అంది. ఇంక ఒప్పుకున్నాను.

పొద్దున్న తొమ్మిదింటికి తీశారు. పది నిమిషాల పని. తరవాత ఎదురుచూడటమే. నూట నలభై. నూట డెబ్భై. పదిన్నరకి రెండు వందల ఆరు. రెహానా డ్రిప్ వేగం పెంచుతోంది. అప్ప కళ్ళు మూసుకుని, "ఎంతుందే?" అంది.

"రెండు వందల ఆరు."

"నాన్నకెంతుండి ఉంటాదో," అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఆ చేతికి ముప్పై ఏళ్ళుగా టికెట్లు చింపిన, మీటలు నొక్కిన కాయ ఉంది బొటనవేలి మీద. దాన్ని తడుముతూ కూర్చున్నాను. పదకొండుంబావుకి నూట తొంభై. పన్నెండున్నరకి నూట యాభై రెండు. రెహానా మొదటిసారి స్టూలు మీద కూలబడింది. అప్ప టీ అడిగింది.

తెమ్మని చెబుదామని బయటికి వెళితే వరండా నిండా మనుషులు. శాలువాలో టీచరమ్మ, ఎల్లమ్మ, ఇంకా నేను పేర్లు మాత్రమే చూసినవాళ్ళు. కండక్టరమ్మ గింజ తీయించుకోడానికి వెళ్ళిందని పొద్దున్న బస్సులో డ్రైవరు చెబితే దిగకుండా ఆసుపత్రి దాకా వచ్చేశారట.

"కండక్టరమ్మకి ఎలాగుంది?" అంది ఎల్లమ్మ.

"బాగుంది. టీ అడిగింది."

ఎల్లమ్మ చీర చెంగు బొడ్లో దోపుకుంది. "అయితే తరవాత నాది తియ్యండి. సెప్పండి, ఎక్కడ కూకోవాల?"

*

ఆ నెలా ఆ తరవాతి నెలా కలిపి వెతికి వెతికి పదకొండు వేలమందినీ పిలిపించాం. చాలామంది గ్రంథులు నిలబడ్డాయి. నాలుగు వేలమంది ఆడవాళ్ళు అప్పలాగే రోజూ మాత్ర వేసుకుంటున్నారు. ఇద్దరిని మేము చేరేలోపే పోగొట్టుకున్నాం, గుండె ఆ దడని తట్టుకోలేక. తగరపువలసలో ఒకరు, పలాసలో ఒకరు. ఆ రెండిళ్ళకీ నేనూ అప్పా వెళ్ళాం. ఏం జరిగిందో నేనే చెప్పాను. తగరపువలసలో చనిపోయినావిడ కొడుకు మమ్మల్ని వాకిట్లోంచే పొమ్మన్నాడు. వచ్చేశాం. అతని తప్పేమీ లేదు.

ఢిల్లీ సమావేశంలో నేను పొగుడుకోవడానికి రాసుకున్న ప్రసంగం పక్కన పెట్టి, గింజని ఆపమని అడిగాను. కారణం తొమ్మిది నిమిషాల్లో చెప్పాను. సంఘం అధ్యక్షురాలు, తెల్లజుట్టు పెద్దావిడ, కాగితాలు తిరగేసి అడిగింది. "నాలుగు వేలమంది పరీక్షలో ఇది దొరకలేదు. మరి ఎవరు పట్టుకున్నారు? మీ బృందంలో ఎవరు?"

"మా అక్కండి. బస్సు కండక్టరు. ఆ చివర కూర్చుంది."

గదిలో తలలన్నీ అటు తిరిగాయి. అప్ప లేచి నిలబడింది. ఢిల్లీ అయినా ఉద్యోగం మీద వెళ్ళినట్టే ఉండాలని ఇస్త్రీ చేసిన ఖాకీలోనే వచ్చింది. ఎలా గమనించారని అధ్యక్షురాలు అడిగితే, అప్ప తెలుగులో చెప్పింది, నేను వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాను.

"టికెట్టిచ్చినప్పుడు మొగం సూస్తామండి. రోజూ సూసీ మొగం మారితే తెల్దా? అడిగాను. సెప్పారు. రాసుకున్నాను. అంతే."

అధ్యక్షురాలు ఆ ట్రిప్ షీట్లు తెప్పించుకుని ఒక్కొక్కటే చదివింది, వెనక వైపూ ముందు వైపూ. నేను పక్కన నిలబడి ఉన్నాను. పదేళ్ళ నా పని ఆ బల్లమీద ఆగిపోతోంది. అయినా ఆ గదిలో నా అంత గర్వంగా ఇంకెవరూ నిలబడి ఉండరు.

గింజ ఆగింది. ఇకముందు ఇలాంటివి ఒంట్లో పెట్టేముందూ, పెట్టాక నెలనెలా, ఏం చెయ్యాలో ఉత్తర్వు వచ్చింది. నర్సు వెనక నిలబడి గొంతు తడమాలి, నీళ్ళు మింగించాలి, ఫోనులో కొలత ఎలా ఉన్నా సరే మనిషిని ఒంట్లో ఎలా ఉందని అడగాలి, చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఆ పద్ధతికి కాగితం మీద పేరు పెట్టింది రెహానా.

మూడేళ్ళు పట్టింది ఆ ప్రోటీన్ ముక్కని మార్చడానికి. కొత్త గింజని ఈసారి సగంమంది ఆడవాళ్ళే ఉండేలా చూసుకుని, రెండేళ్ళపాటు పరీక్షించాం. ఒక్క గొంతూ వాచలేదు. పోయిన నెలలో అది భీమిలి ఆసుపత్రికి వచ్చింది. అప్ప నన్ను తోడు రమ్మంది, నాకు సెలవు దొరికేదాకా ఆగింది కూడా.

నర్సు కొత్తపిల్ల. ఇరవై రెండేళ్ళుంటాయి. పని శ్రద్ధగా చేస్తోంది. అప్పని కూర్చోబెట్టి, వెనక నిలబడి, గొంతుకి వేళ్ళు ఆనించింది.

"నీళ్ళు మింగండమ్మా. ఇంకొకసారి. నొప్పేమైనా ఉందా? ఈ మధ్య ఒంట్లో ఎలా ఉంటోంది? నెమ్మదిగా చెప్పండి, తొందరేం లేదు."

"బావుందమ్మా. ఇదేం పరీక్ష?"

"దీన్ని నూకరత్నం పరీక్ష అంటారమ్మా. ఇది చెయ్యకుండా గింజ పెట్టకూడదు."

"ఎవులమ్మా ఆవిడ?"

"ఎవరో పెద్ద డాక్టరుగారండి. ఢిల్లీలో ఉంటారనుకుంటాను."

నేను నోరు తెరవబోయాను. అప్ప నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"డాక్టరు కాదమ్మా. కండక్టరు," అంది.

నర్సు ఏదో పరాచికం అనుకుని నవ్వి, రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. "పేరు చెప్పండమ్మా, రాసుకుంటాను."

అప్ప కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"మైలపల్లి నూకరత్నం."

నర్సు పెన్ను ఆగిపోయింది. తలెత్తి ఒకసారి అప్పని, ఒకసారి నన్ను చూసింది. అప్ప ఆ అమ్మాయికి సరిగ్గా వినిపించలేదేమో అన్నట్టు మళ్ళీ చెప్పింది, ఈసారి ఒక్కొక్క మాటా విడదీసి.

"మైలపల్లి. నూకరత్నం. భీమిలి రూటు."